ఊటనీటి పురుగు

కింది ఇల్లు, స్టోనీ రన్ లోయ, పెన్సిల్వేనియా
మార్చి 4, మంగళవారం

నా చెల్లెలు కేతురాకి, ముందు "ప్రియమైన" అని రాసి కొట్టేసి, ఊరికే కేతురాకి,

మొన్న ఆదివారం మందిరం ముంగిట నీతో ఇక నోరు విప్పనని అన్నాను. అన్న మాట తప్పను. మనవాళ్ళం ఒట్లు పెట్టుకోం, అవునంటే అవును, కాదంటే కాదు. అందుకే నోటితో కాకుండా చేత్తో చెబుతున్నాను. నా గేటుకీ నీ గేటుకీ మధ్య ఒక్క పచ్చిక బీడే ఉన్నా ఈ కవరు పోస్టు బండికే ఇస్తున్నాను. మనవరాలు తిర్సా చేత పంపితే నువ్వు దాన్ని కూర్చోబెట్టి, తినడానికి ఏదో పెట్టి, మాటలు లాగుతావు. నిన్నెరగనా.

సంగతి ఇదీ. మీ ఆయన ఎలమ్ పోయిన ఆకురాలు కాలంలో తవ్వించిన పేడ గుంట ఊటకి పైన ఉంది. ఆ ఊట నీళ్ళే గొట్టంలో దిగి నా కొడుకు ఇంటికి వస్తాయి. ఆ నీళ్ళలో పురుగు ఉంది. నేను చూశాను. "నీకెక్కడ కనబడిందమ్మా ఆ పురుగు, కల్లోనా?" అని నువ్వు అందరి ముందూ నవ్వావు. అందుకని మొదటినుంచీ రాస్తున్నాను, పళ్ళికిలించకుండా చదువు.

జనవరిలో మా కోడలు లోయిస్‌కి ఐదో కాన్పు అయింది కదా. తిర్సాకి తొమ్మిదో తరగతి ఇంటి చదువు, అందులో ఈ ఏడు జీవశాస్త్రం. పుస్తకంతోబాటు పెట్టెలో మైక్రోస్కోపు వచ్చింది. లోయిస్‌కి పసిదానితో తీరిక లేదు. "అత్తయ్యా, పిల్ల పక్కన మీరు కూర్చుంటే చాలు. అది చూసి బొమ్మ గీసి రాసుకుంటుంది. పేజీ అడుగున పెద్దవాళ్ళ సంతకం ఒకటి కావాలి" అంది.

"నేను ఎనిమిదితో ఆపేసినదాన్ని, నాకేం తెలుసే ఈ జీవాలూ గీవాలూ?" అన్నాను.

"సంతకం వచ్చు కదా అత్తయ్యా."

ఈ కాలం కోడళ్ళు.

సరే, పాఠానికి ముందు ప్రార్థన. పేజీ చివర "సృష్టికర్తకు ఈ రోజు వందనం దేనికి?" అని ఒక ఖాళీ గీత ఉంటుంది, పిల్ల అది నింపాలి. దేవుడు మనల్ని చేసిన తీరు తలచుకుంటే భయమూ ఆశ్చర్యమూ పుడతాయని దావీదు రాజు పాడాడు కదా. ఆశ్చర్యమంతా తిర్సా వంతు, భయమంతా నా వంతు అయింది. ఉప్పు చూసింది, ఈగ రెక్క చూసింది, నా జడలో వెంట్రుక పీకి చూసింది. ఫిబ్రవరి 24న మా వంటింటి కుళాయి నీళ్ళు ఒక చుక్క గాజు పలక మీద వేసి చూసింది. "నాయనమ్మా, నువ్వూ చూడు" అంది.

చూశాను. పొడుగ్గా, బూడిద రంగులో, ముడులు ముడులుగా దారం లాంటి పురుగు. ఒకటి కాదు, మూడు. సూటిగా చూడబోతే పక్కకి జారిపోతుంది, సిగ్గులేని పురుగు! నేను అరిచిన అరుపుకి పసిది లేచింది. ఆ నీళ్ళతోనే దాని పాలసీసా కడుగుతున్నాం, కేతురా. ఆరు వారాల పిల్ల. నాకు ఆ రోజునుంచి ముద్ద దిగడం లేదు.

ఏప్రిల్ 6న సమాధాన కూటం. సంఘ పెద్ద మహ్లోన్ ఒక్కొక్కరినీ లేపి "దేవునితోనూ తోటివారితోనూ సమాధానంగా ఉన్నారా?" అని అడుగుతాడు. ఒక్కరు లేదన్నా ఆ ఈస్టరుకి ప్రభువు బల్ల ఉండదు, రొట్టె విరవరు. ఎలమ్ ఆ గుంట పూడ్చకపోతే నేను లేచి లేదంటాను. ఈసారి తిర్సా మొదటిసారి ప్రభువు బల్లకి వస్తోందనీ, దానికి లోయిస్ తెల్ల ముసుగు కుడుతోందనీ నాకు తెలియదనుకోకు. తెలిసే అంటున్నాను.

సలోమా


పై పొలం
మార్చి 8

సలోమక్కా,

నీ ఉత్తరం పట్నం వెళ్ళి, ముద్ర కొట్టించుకుని, నాలుగు రోజులకి మా పెట్టెలో పడింది. కిటికీలోంచి నువ్వు బట్టలు ఆరేస్తుండటం చూస్తూ చదివాను. మన అమ్మ ఉంటే ఇద్దరినీ ఒకే బెత్తంతో కొట్టేది.

ఎలమ్‌కి చదివి వినిపించాను. టోపీ పెట్టుకుని వెళ్ళి గుంట దగ్గరనుంచి ఊట దాకా అడుగులు లెక్కపెట్టి వచ్చాడు. మూడు వందల పది. అదీ వాలుకి అవతలి వైపు. పేడ కొండెక్కి దిగి మీ గొట్టంలోకి రాదక్కా, దానికి కాళ్ళు లేవు. పైగా అదే ఊట నీళ్ళు మేమూ తాగుతున్నాం. నీకంటే ముందు మేం చావాలి. ఇంకా చావలేదు, కబురు పెట్టలేదు కాబట్టి నీకు తెలియకపోవచ్చు.

నువ్వు పురుగు చూడటం ఇదే మొదలా? నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ ఎండబెట్టిన ఆపిలు ముక్కల్లో పురుగులన్నావు, బస్తా అంతా పందులకి పోయించావు, తీరా చూస్తే అవి తొడిమలు. మీ ఆయన బతికుండగా ఆయన దగ్గినప్పుడల్లా క్షయ అన్నావు. పోయిన ఏడు మందిరం కప్పు వంగిందని మూడు ఆదివారాలు బయట నిలబడి ప్రసంగం విన్నావు, మంచులో. నీకు మైక్రోస్కోపు కొత్తగా ఎందుకు? దేవుడు పుట్టుకతోనే ఒకటి నీ గుండెలో బిగించి పంపాడు. అందులో చీమ ఏనుగంత కనబడుతుంది.

నాకు నవ్వు రావడం లేదిప్పుడు. ఎలమ్ నలభై ఏళ్ళుగా ఈ లోయకి పాలు పోస్తున్నాడు. నువ్వు మందిరం ముంగిట అరిచాక ఇద్దరు ఆడవాళ్ళు ఖాళీ పాల క్యాన్లు తీసుకుని మా గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్ళారు. ఆయన కొట్టం తలుపు దగ్గర నిలబడి చూశాడు. ఒకరి కంట్లో నలుసు వెతికేవాళ్ళ గురించి ప్రభువు ఏమన్నాడో నీకు గుర్తు చేయనక్కరలేదు. నీ కంట్లో దూలం సంగతి చూసుకో ముందు.

ఒక్కటి అడుగుతా. ఉత్తరమంతా వెతికాను, తిర్సా ఏం చూసిందో ఒక్క ముక్క రాయలేదు. మైక్రోస్కోపు దానిది, పాఠం దానిది. దానికీ పురుగు కనబడిందా?

కేతురా


కింది ఇల్లు
మార్చి 12

కేతురాకి,

దూలమా? నా కంట్లో దూలమా? అమ్మని ఆఖరి ఐదేళ్ళూ చూసుకున్నది నేను. ఆవిడ కళ్ళు పోయి గోడ పట్టుకుని నడుస్తుంటే చేయి అందించింది నేను. నువ్వు అప్పుడు పై పొలంలో ఆవుల లెక్కలో ఉన్నావు. నాకు వాక్యం చెబుతుంది ఇది!

పిల్ల సంగతి అడిగావు. పిల్ల దాని పని అది చేసుకుంటోంది, రాసుకుంటోంది, నేను సంతకాలు పెడుతున్నాను. అందులో నీకు పనేముంది.

పురుగు ఒక్క నీళ్ళలోనే లేదు, విను. ఉల్లిపొర చూశాం. చిన్న చిన్న గదులు, మన మందిరంలో బెంచీల్లా వరుసగా ఉన్నాయని తిర్సా వందనం రాసింది. ఆ గదుల మీదుగా అదే పురుగు పోతోంది. ఉల్లిపాయని ఊట నీళ్ళతో కడిగాను కదా! చెరువు నీళ్ళు చూశాం, అందులోనూ ఉంది. నీళ్ళు ఇరవై నిమిషాలు మరిగించి చల్లార్చి చూపించమన్నాను. చావలేదు కేతురా! సలసల కాగిన నీళ్ళలోంచి లేచి ఈదుతోంది. అంత మొండి పురుగుని నేను ఎక్కడా వినలేదు. పైగా ఇప్పుడు దానికి తోడు నల్ల చుక్కలు, మసి రాలినట్టు. గుడ్లు పెడుతోందని నా అనుమానం.

నిన్న ఎలమ్ పాలు ఒక చుక్క వేయించాను. అందులోనూ ఉంది.

ఇంట్లో నన్నెవరూ లెక్కచేయరు. నేను పసిదానికి సీసా నీళ్ళు తెప్పించి స్నానం చేయిస్తుంటే లోయిస్ గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, తాగడానికంటే సరే, ఒంటికి కూడానా? తర్వాత చెట్లకి కూడా పోస్తారా?" అంది. నా కొడుకు వార్తాపత్రిక వెనక నవ్వాడు. కాగితం ఊగింది, నాకు కనబడింది. మహ్లోన్ దగ్గరికి వెళ్ళాను. గడ్డం నిమురుకుంటూ "ప్రార్థన చేద్దాం సహోదరీ" అన్నాడు. ప్రార్థన చేస్తే గుంట పూడుతుందా? నువ్వు నవ్వుతావు, వాళ్ళు నవ్వుతారు, రేపు పసిదానికి ఏమైనా అయితే మటుకు అందరూ ఏడుస్తారు, ముందుగా చెప్పిన ముసలిది ఒక మూల కూర్చుని ఉంటుంది.

అందుకని ఇంకో చోట చెప్పుకున్నాను. పాల తనిఖీ వాళ్ళకి ఉత్తరం రాశాను. నా పేరే రాశాను, దాక్కోలేదు.

సలోమా


పై పొలం
మార్చి 22

సలోమాకి,

పద్దెనిమిదిన తెల్ల బండిలో ఒకతను వచ్చాడు. మర్యాదస్తుడే. ఊట నీళ్ళు, తొట్టిలో పాలు సీసాల్లో పట్టుకున్నాడు. ఫలితం వచ్చేదాకా పాలు అమ్మకూడదని కొట్టం తలుపుకి కాగితం అంటించాడు. ఎవరు రాశారని ఎలమ్ అడగలేదు. అతనే చెప్పాడు.

నాలుగు రోజులు. ఆవులు కాగితం చదవవు, పూటపూటా పిండాల్సిందే. పిండిన పాలు ఎలమ్ కాలవలోకి వదిలాడు. బూటు చివర్న తెల్లగా పారుతుంటే చూస్తూ నిలబడ్డాడు. నేను లోపలికి రమ్మన్నా రాలేదు.

నిన్న ఫలితం వచ్చింది. నీళ్ళు శుభ్రం. పాలు శుభ్రం. పురుగు లేదు, గుడ్లు లేవు, ఏమీ లేవు. కాగితం పీకేశారు.

సహోదరుడి మీద బయటివాళ్ళ దగ్గరికి వెళ్ళడం మన సంఘంలో మా పెళ్ళయినప్పటినుంచీ నేను ఎరగను. తాగుబోతు యోనాస్ గడ్డివాము కాల్చినప్పుడు కూడా ఎవరూ వెళ్ళలేదు. నా అక్క వెళ్ళింది.

ఆరో తారీఖున నువ్వు లేవనక్కరలేదు. నేనే లేచి లేదంటాను.

ఇక నాకు రాయకు.

కేతురా


కింది ఇల్లు
మార్చి 24

రాయొద్దన్నావు. రాస్తున్నాను. ఇష్టం లేకపోతే పొయ్యిలో పెట్టు.

వాళ్ళు ఏం చూశారు? పట్నంలో కూర్చుని సీసా ఊపి చూశారేమో! నేను నెల రోజులుగా చూస్తున్నాను. కాలవలో పోసిన పాల సంగతి చదివి నాకు సంతోషమైందనుకున్నావా? కాలవ మా పెరటి వెనకనుంచే కదా పోతుంది. నాలుగు రోజులూ చూశాను. తెల్లగా వచ్చింది. అయినా తప్పంటావా, కనబడినదాన్ని కనబడలేదనమంటావా? నాకు అబద్ధమాడటం చేతకాదు.

తిర్సా నాతో మాట్లాడటం లేదు. బల్ల దగ్గర తల వంచుకుని తింటుంది, లేస్తుంది. శుక్రవారం పాఠం దగ్గర వింతగా, "నాయనమ్మా, ఈసారి ఎడమ కన్నుతో చూడు" అంది. చూశాను. ఏం కనబడలేదు, సరిగ్గా పెట్టలేదన్నాను. "ఇప్పుడు కుడి కన్నుతో" అంది. ఉందే, అక్కడే ఉంది పురుగు, అన్నాను. పిల్ల లేచి బయటికి పోయింది. సంతకం కోసం పుస్తకం తెరిచి నా ముందు పెట్టి మరీ పోయింది, అంత పొగరు. పెట్టాను.

అందరూ ఒకటయ్యారు. కానివ్వండి.

సలోమా


పై పొలం
మార్చి 28

అక్కా,

ఇది పోస్టులో పంపడం లేదు. ఆగే పని కాదు.

ఈ పొద్దున తిర్సా బీడు దాటి వచ్చింది. చలికోటు కూడా లేదు. చంకలో దాని పాఠం పుస్తకం. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"చిన్న నాయనమ్మా, నేను సమాధాన కూటంలో అవునని చెప్పలేను" అంది.

"మీ ఇంట్లో అదేమన్నా అంటువ్యాధా?" అన్నాను. నాకు కోపం ఇంకా పచ్చిగా ఉంది మరి.

"నేను నాయనమ్మకి ఒకటి చెప్పకుండా దాచాను. దాచి బల్ల దగ్గరికి ఎలా వస్తాను?"

పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టింది. నువ్వు చదవలేదు కదా అక్కా? ఒక్క పేజీ కూడా చదవలేదు. చదివినదానిలా ప్రతి పేజీ కింద మెలికలు తిప్పి సంతకం పెట్టావు. నేను చదువుతాను, విను. ఉన్నదున్నట్టు దింపుతున్నాను.

"ఫిబ్రవరి 24. కుళాయి నీళ్ళు. నేను చూసింది: రెండు ఇసుక రేణువులు, ఒక గాలి బుడగ. నాయనమ్మ చూసింది: పొడుగు బూడిద పురుగులు, మూడు. నాకు కనబడలేదు." కింద సలోమా.

"మార్చి 3. ఉల్లిపొర. నాయనమ్మ పురుగును చూసింది. నాకు కనబడలేదు." సలోమా.

"మార్చి 7. మరిగించిన నీళ్ళు. నాయనమ్మ చూసింది. నాకు కనబడలేదు. మూడుసార్లు చూశాను." సలోమా.

పాలు. సలోమా. చెరువు నీళ్ళు, అందులో దానికి కనబడిన జీవాలు పదకొండు, ఎంత ముద్దుగా గీసిందో, వాటిలో నీ పురుగు లేదు. సలోమా.

నువ్వు ఎలమ్ మీద చెప్పిన ప్రతి మాటా అబద్ధమని నీ చేత్తోనే సాక్ష్యం సంతకం పెట్టావు. ఇది చదివినప్పుడు నిన్ను జుట్టు పట్టుకుని ఈడ్చుకురావాలనిపించింది. అబద్ధం చేతకాదంటావు, చదవడం కూడా చేతకాదా!

తర్వాత మార్చి 21 పేజీ తీసింది. "ఇది చదువు" అంది.

"మార్చి 21. పలక మీద ఏమీ వేయలేదు. కడిగి తుడిచిన ఖాళీ గాజు. నాయనమ్మ ఎడమ కన్నుతో చూసింది: ఏమీ లేదు. కుడి కన్నుతో చూసింది: పురుగు ఉంది." కింద నీ సంతకం. వందనం రాసే గీత మీద ఏమీ లేదు.

"ఎందుకు రాయలేదే?" అని అడిగాను.

"దేనికని రాయను?" అంది. అని ఏడ్చింది.

పురుగు నీ కంట్లో ఉందక్కా. నా మొగుడి ఊటలో కాదు. కుడి కంట్లో. మసి రాలినట్టు నల్ల చుక్కలని రాశావు, అవీ అక్కడే. ఇది ఎన్నాళ్ళనుంచి? నాకు నిజం కావాలి. కాన్పుకి ముందు పండగ భోజనంలో నువ్వు కుడివైపున్న గాజు కూజాకి చేయి తగిలించి పగలగొట్టావు. నేను చూసి నవ్వాను. సోమవారం పొద్దున ఎలమ్ బండి తెస్తాడు. కంటి వైద్యుడి దగ్గరికి వెళ్తున్నాం. ఎక్కనంటే మోసుకెళ్తాం.

కేతురా


కింది ఇల్లు
మార్చి 30, ఆదివారం

మోసం! ముసలిదాని ముందు ఖాళీ గాజు పెట్టి పరీక్ష చేస్తారా? ఇదా ఇంట్లో ప్రార్థన చేసి మొదలుపెట్టే చదువు? నా మనవరాలు నన్ను ఈగ రెక్కలా పలక మీద పెట్టి చూసిందన్నమాట. దాన్ని పిలిచి అడిగాను.

"ఎందుకు నాతో చెప్పలేదే?"

"చెప్పాను నాయనమ్మా. మొదటి రోజే నాకు కనబడలేదన్నాను. నువ్వు నోరు మూసుకో, నీకు చూడటం రాదన్నావు. పుస్తకంలో చూసిందే రాయాలని ఉంది. నువ్వు చూసింది నీదీ, నేను చూసింది నాదీ రాశాను."

"మరి గుంట సంగతి మాట్లాడినప్పుడు?"

"నువ్వు చెబుతున్నది నువ్వు నిజంగానే చూశావు కదా."

వెళ్ళిపొమ్మన్నాను. ఎలమ్ బండి ఎక్కను. ఆ మనిషి పక్కన ఏ మొహం పెట్టుకుని కూర్చోను?

సాయంత్రం, మళ్ళీ రాస్తున్నా.

ఎడమ కన్ను మూసి గోడ గడియారం చూశాను. సగమే ఉంది. కింది సగం మీద బూడిద రంగు తెర లేచింది. నిన్న ఇంత లేదు.

డిసెంబరునుంచి కేతురా. మొదట మెరుపులు, కంటి కొనకి. తర్వాత దారాలు. మైక్రోస్కోపు రాకముందు కూడా గోడ మీద చూశాను, సాలెగూడనుకుని తుడిచాను. తర్వాత పలక మీద చూశాక, అమ్మయ్య, ఇది నీళ్ళలో ఉంది అనుకున్నాను. అవును, అమ్మయ్య అనుకున్నాను! పసిదానికి ప్రమాదమని అరుస్తూనే లోపల ఎక్కడో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే లోయిస్ పసిదాన్ని నా చేతికివ్వదు. కళ్ళు పోయే ముసలిదాని చేతికి బిడ్డని ఎవరిస్తారు? అమ్మకి మనం ఇచ్చామా? నీ రెండోవాడిని ఎత్తుకుంటానని ఆవిడ చేతులు చాపితే నువ్వూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఎలమ్‌ని ఎన్నింటికి తెమ్మంటావు బండి?

స


కింది ఇల్లు
ఏప్రిల్ 5, శనివారం

కేతురా,

గీతలు వంకరగా ఉంటే తిట్టుకో. బోర్లా పడుకుని రాస్తున్నాను. కంటి వెనక పొర ఊడి సగం మడత పడిందట. కోసి సర్ది, లోపల గాలి బుడగ పెట్టారు. ఆ బుడగ పొరని నొక్కి పట్టాలంటే ఇంకో పదిహేను రోజులు మొహం నేలకే ఉండాలి. కూర్చున్నా, తిన్నా, ప్రార్థన చేసినా. ఒక్క వారం ముందు వస్తే చూపు మొత్తం దక్కేదని వైద్యుడు అన్నాడు. ఆలస్యంగా వచ్చినందుకు సగం రావచ్చు, రాకపోవచ్చు. ఆ వారం నేను ఏం చేస్తూ కూర్చున్నానో నీకు తెలుసు. తనిఖీ వాళ్ళు సరిగ్గా చూడలేదని నీకు ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను.

నాకు పట్టరాని కోపంగా ఉంది. ఎవరి మీదనో చెప్పనక్కరలేదు. కొట్టడానికి చేయి తిరగని చోట ఉంది ఆ మనిషి.

నాకు ఇప్పుడు ఇంట్లో మనుషులు మోకాళ్ళ దాకానే తెలుస్తారు. పొద్దున తలుపు దగ్గర పాత తోలు బూట్లు వచ్చి ఆగాయి. పక్కన ఒక క్యాను దించారు. "పాలు" అన్నాడు ఎలమ్. నేను చెప్పాల్సింది మొదలుపెట్టాను, బయటివాళ్ళకి రాయడం తప్పు, మందిరం ముందు అరవడం తప్పు, అని. ఆయన మధ్యలో "మీగడ ఎక్కువుంది, వడకట్టుకోమను" అని వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళుగా నీ మొగుడు పూర్తి మాట విన్న పాపాన పోలేదు.

రేపు నేను రాలేను. తిర్సా చేత ఈ కాగితం పంపుతున్నాను. నా వరస వచ్చినప్పుడు నువ్వు లేచి ఇది చదువు, ఒక్క మాట మార్చకు:

"సలోమా అనే నేను నా సహోదరుడైన ఎలమ్ మీద లేనిది చెప్పాను. అతని మీద బయటివాళ్ళ దగ్గరికి వెళ్ళాను. అతని పాలు నాలుగు రోజులు నా వల్ల నేలపాలయ్యాయి. అతని ఎదుట, సంఘం ఎదుట క్షమాపణ అడుగుతున్నాను. నాకు ఎవరితోనూ తగువు లేదు. నా గురించి బల్ల ఆపవద్దు."

పిల్ల ముసుగు కుట్టడం అయిపోయింది. నాకు చూపించమంటే తెచ్చి నేల మీద పరిచింది.

సలోమా


పై పొలం
ఏప్రిల్ 6, ఆదివారం సాయంత్రం

అక్కా,

చదివాను. ఒక్క మాట మార్చలేదు. మగవాళ్ళ వైపు ఎలమ్ లేచి నిలబడి, ఎప్పుడూ మగవాళ్ళ తగువులకి అనే అలవాటు కొద్దీ "నాకు అతనితో..." అని మొదలుపెట్టి, "ఆమెతో" అని దిద్దుకుని, "తగువు లేదు" అని కూర్చున్నాడు. అంత పొడుగు ప్రసంగం ఆయన జన్మలో చేయలేదు. ఇద్దరు ముగ్గురు ముక్కులు చీదారు. మహ్లోన్ స్తోత్రం అన్నాడు.

తర్వాత తిర్సా వరస. లేచి, "నేను దాచినది నాయనమ్మకి చెప్పేశాను. సమాధానం ఉంది" అంది.

తర్వాత నన్ను అడిగారు.

నేను అవునందామనే లేచాను. నోట్లో మాట సిద్ధంగా ఉంది. కానీ మనకి అవునంటే అవును కదా. నువ్వు ఎలమ్ పేరు రాశావు, సంఘం పేరు రాశావు. డిసెంబరునుంచి మార్చి దాకా నీ కంట్లో దీపం ఆరిపోతుంటే, నా కిటికీకి ఎదురుగా బట్టలు ఆరేసుకుంటూ నాకు మటుకు చెప్పలేదు. పురుగు గురించి పేజీలు రాశావు. అమ్మ చేతులు చాపినప్పుడు నేను నీ మొహం చూశానన్నావే, ఆ చూసినదాన్ని నేనే కదా! నాకు కాక ఎవరికి చెబుతావు? నువ్వు సగం కన్ను పోగొట్టుకున్నావు, నేను అంతకాలం నీ మీద చతుర్లు రాస్తూ కూర్చున్నాను. దీనికి ఎవరిని క్షమించాలో నాకు తెలియలేదు.

"లేదు" అన్నాను.

మందిరం మొత్తం వెనక్కి తిరిగింది. మహ్లోన్ గడ్డం మీద చేయి ఆగిపోయింది. "ఎలమ్‌తో అయిపోయింది కదా సహోదరీ, ఇప్పుడు తగువు ఎవరితో?" అన్నాడు.

"మా అక్కతో. ఇది వేరే తగువు" అన్నాను.

ఈస్టరుకి రొట్టె లేదక్కా. ఈసారి ఆపింది నువ్వు కాదు. బయట తిర్సా నా చేయి పట్టుకుని, "నేనూ ఆగుతాను, ఫరవాలేదు. ముసుగుకి అంచు ఇంకా కుట్టాల్సి ఉంది" అంది. అబద్ధమని నాకు తెలుసు, నువ్వు అయిపోయిందని రాశావు. దానికి సమాధాన కూటం అయిన గంటకే అబద్ధమాడాల్సి వచ్చింది, అదీ నీ ఖాతాలోనే.

మహ్లోన్ మెట్ల మీద నన్ను ఆపి, మరి ఎప్పటిదాకా ఆపమంటావు, సంఘానికి ఒక తారీఖు చెప్పాలి కదా అన్నాడు.

మా అక్క తల ఎత్తి నా మొహం చూసి నోటితో చెప్పేదాకా అన్నాను.

కేతురా